శుక్లం ముదరనివ్వండి

కంట్లో శుక్లం ఉందని డాక్టరు చెప్పగానే ఆపరేషనుకి తేదీ రాయించుకుని ఇంటికొచ్చేవాళ్లని చూస్తే మాకు జాలేస్తుంది. అంత తొందరేంటండి? కోనసీమలో పుట్టి, నలుగురినీ అడక్కుండా ఓ నిర్ణయం తీసేసుకుంటే రేపు ఊళ్లో తలెత్తుకు తిరగ్గలరా? అమలాపురం కంటి డాక్టరు గారు చదివింది మహా అయితే పదేళ్లు. మన వీధి అరుగుల మీద కూర్చునేవాళ్ల అనుభవం కలిపి లెక్కేస్తే వెయ్యేళ్లకి పైమాటే. పైగా మేం ఫీజు అడగం. కాఫీ ఇస్తే కాదనం, అంతే.

అన్నిటికన్నా ముందు వినాల్సింది ఇది: పొర ముదిరేదాకా ఆపరేషను జోలికి వెళ్లకండి. కాయ ముదరనిదే కొబ్బరి దింపు తీయించం కదా, కంటికి మాత్రం వేరే న్యాయం దేనికి? డాక్టరు గారు దీనికి అడ్డం చెబుతారు. ముదరాలన్నది పాతకాలం మాటండీ అంటారు. అప్పట్లో కంటిని వెడల్పుగా కోసి లోపలి కటకం మొత్తాన్ని బయటికి తీసేవారు, కుట్లు వేసేవారు. రోగి రోజుల తరబడి తల కదపకుండా పడుకునేవాడు. ఆ తర్వాత బతికినంతకాలం సోడాబుడ్డి కళ్లద్దాలు. ఇంత తంటా ఉంది కాబట్టి, ఉన్న చూపు కూడా పోయాకే చేద్దామనేవారు. 1967లో అమెరికాలో చార్లెస్ కెల్మన్ అనే డాక్టరు, పళ్ల డాక్టరు దగ్గర గార తీసే పనిముట్టు చూసి, ఆ శబ్ద తరంగాలతోనే శుక్లాన్ని కంటి లోపలే పొడి చేసి పీల్చేసే పద్ధతి కనిపెట్టాడు. ఇప్పుడు అందరూ ‘ఫేకో’ అంటున్నది అదే. గంటు 3 మిల్లీమీటర్లు కూడా ఉండదు, కుట్టు అక్కర్లేదు, పొద్దున్న వెళ్లి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావచ్చు. శుక్లం లేతగా ఉంటే పని సులువు. ముదిరి గట్టిపడితే ఎక్కువసేపు పొడి చేయాలి, ఆ తాకిడికి కంటి ముందుపొర వాస్తుంది. మరీ వదిలేస్తే ముదిరిన కటకం లోపలే కారి, కంట్లో ఒత్తిడి పెరిగి, అర్ధరాత్రి తల పగిలిపోయే నొప్పితో ఆటో వెతుక్కోవాలి.

ఇదంతా ఆయన మాట. మా మాట, ముదరనివ్వండి. ఈలోగా కాలక్షేపానికి లోటుండదు. అమలాపురం బస్టాండులో ‘రా’ అన్న అక్షరం ఒక్కటే కనబడి రాజోలు బస్సనుకుని రావులపాలెం బస్సు ఎక్కవచ్చు. సందేళ ఎదురుగా వచ్చే మోటారు సైకిలు దీపానికి కళ్లు చెదిరి కాలవగట్టు మీంచి దిగిపోవచ్చు. వంద కాగితం అనుకుని అయిదొందల కాగితం ఇస్తే చేపలమ్మి నోరు మెదపదు. మీరు శుక్లం వల్ల ఇంటిల్లిపాదికీ భారమయ్యారని ఎవరూ పైకి అనరు. మనవరాలు సీరియల్లో ఏం జరుగుతోందో చెప్పి చెప్పి విసుక్కుంటుంది, అంతే.

ముదిరిందని మేం తేల్చాక కాలం చూడాలి. ఎండాకాలం కన్ను పొంగుతుంది, వద్దు. వానల్లో చెమ్మ, వద్దు. ఆషాఢం శూన్యమాసం. శ్రావణంలో పెళ్లిళ్లు, పేరంటాలు. కార్తీకమంతా ఉపవాసాలు, తెల్లారగట్ల గోదావరి స్నానాలు. ధనుర్మాసం దాటితే సంక్రాంతి, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభలు చూడకుండా ఉండగలమా? ఆ వెంటనే మాఘంలో అంతర్వేది తీర్థం. ఆ తర్వాత దాళ్వా కోతలు, గల్ఫు నుంచి అబ్బాయి వచ్చే రోజులు. మళ్లీ ఎండాకాలం. ఆపరేషను జరిగేది ఏసీ గదిలో కదండీ, బయట ఏ కాలమైతే ఏంటి అని డాక్టరు గారు అడిగితే నవ్వి ఊరుకోండి. పంచాంగం తెలియని మనిషితో వాదన దేనికి?

ఈలోగా ఇంటి వైద్యం చేసుకోండి. నందివర్ధనం పూల రసం, తేనె, ఆముదం, చంటిపిల్ల తల్లి దగ్గర చనుబాలు, ఎవరికి ఏది గుర్తొస్తే అది పిండించుకోండి. శుక్లం పట్టేది కంటి ఉపరితలం మీద కాదు, నల్లగుడ్డు వెనకాల ఉన్న కటకానికి. పైన ఎన్ని చుక్కలు వేసినా అది తేటపడదు, శుక్లాన్ని కరిగించే మందు ఏ మెడికల్ షాపులోనూ లేదు అంటారు వాళ్లు. అక్కడితో ఆగకుండా భయపెడతారు కూడా. ఆకుపసరులో, పచ్చిపాలల్లో ఉండే సూక్ష్మక్రిములు, బూజు కంటి ముందుపొర మీద పుండు పుట్టిస్తాయట. నూర్పిళ్లప్పుడు వడ్లగింజ కొట్టుకున్న కంట్లో పసరు పిండించుకుని, ఆఖరికి తెల్లమచ్చతో మిగిలినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఆ మచ్చ పోవాలంటే దానం ఇచ్చిన కన్ను దొరకాలి. శుక్లం ఆపరేషను పావుగంట పని. పసరు పెట్టిన కన్నయితే ఎన్ని నెలలు తిరగాలో చెప్పలేం. కాలక్షేపం కావాలనుకునేవాళ్లకి ఏది మంచిదో మీరే ఆలోచించుకోండి.

ఎక్కడ చేయించుకోవాలన్నదీ మమ్మల్నే అడగండి. 2022 ఏప్రిల్లో కోనసీమ జిల్లా అయినంత మాత్రాన అమలాపురంలో చేయించుకుంటే ఎవరికి చెప్పుకుంటాం? కనీసం కాకినాడ. పరువున్నవాళ్లైతే హైదరాబాదు, 1987 నుంచి ఎల్వీ ప్రసాద్ ఆసుపత్రి ఉంది కదా. అది పెద్ద ఆసుపత్రే, కష్టమైన కళ్లకి దేశం నలుమూలల నుంచీ వెళతారు. మీది మామూలు శుక్లమైనా సరే, రాత్రి రైలుకి కాకినాడో రాజమండ్రో వెళ్లి ఎక్కండి. ఆపరేషనయిన మర్నాడు ఒకసారి, వారానికి ఒకసారి, నెలకి ఒకసారి చూపించుకోవాలి, దగ్గర్లో అయితే మంచిదని ఎవరో ఒకరు గొణుగుతారు. రెండో చూపు నుంచి మానేస్తే ఆ బెడదా ఉండదు. ఇక సర్కారువాళ్లో, స్వచ్ఛంద సంస్థలవాళ్లో ఉచితంగా చేస్తామంటే అసలు నమ్మకండి. 1976 నుంచీ అంధత్వ నివారణకి జాతీయ కార్యక్రమం నడుస్తోందట, కోట్ల కళ్లకి అందులో చూపు వచ్చిందట. డబ్బు పుచ్చుకోని పని బాగుంటుందని ఎవరైనా ఒప్పుకుంటారా? మా సలహాల సంగతి వేరు.

లెన్సు ఎంచుకునేటప్పుడు అల్లుడిగారి హోదా చూసుకోండి. కౌంటరు దగ్గర అమ్మాయి ధరల కాగితం ముందు పెడుతుంది. కింద వరసలో దూరపు చూపుకి ఒక్కదానికే పనికొచ్చేది, పైకి వెళ్లేకొద్దీ దూరం, దగ్గర రెండూ కనిపించేది, కంటికి వంపు దోషం ఉంటే దాన్ని సరిచేసేది. డాక్టరు గారు అడగాల్సిన ప్రశ్న అడుగుతారు: “రోజంతా ఏం చేస్తుంటారండీ?” పూలు కడతారా, రాత్రిళ్లు లారీ నడుపుతారా, లెక్కల పుస్తకం రాస్తారా అని. దూరం, దగ్గర రెండూ చూపించే లెన్సుతో రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనబడతాయి, డ్రైవరుకి అది ఇబ్బంది. మామూలు లెన్సు వేయించుకుని చదువుకి కళ్లద్దాలు పెట్టుకుంటే చాలామందికి హాయిగా సరిపోతుంది. ఇవన్నీ అనవసరం. “మా వియ్యపురాలికి ఏది వేశారో అదే వెయ్యండి, పవరు కూడా అదే” అని గట్టిగా చెప్పండి. ఒక మనిషి రెండు కళ్లకే పవరు ఒకటి కాకపోవచ్చు, అందుకే కంటి పొడవు, ముందుపొర వంపు యంత్రంతో కొలిచి లెక్క కడతాం అని వాళ్లు అంటే, వియ్యపురాలికి ఫోను కలిపి ఇవ్వండి.

ఈ లెన్సు పుట్టుక మాత్రం ఊళ్లో చెప్పుకోవడానికి బాగుంటుంది, దాచుకోండి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిషు విమానాల పైకప్పు ప్లాస్టిక్ పగిలి, ముక్కలు పైలట్ల కళ్లలో దిగాయి. అయినా ఆ ప్లాస్టిక్ ముక్కల్ని కన్ను పట్టించుకోలేదు. అది గమనించిన హెరాల్డ్ రిడ్లీ 1949 నవంబరులో లండన్‌లో ఆ ప్లాస్టిక్‌తోనే కటకం చేసి మొట్టమొదటిసారి మనిషి కంట్లో పెట్టాడు. తోటి డాక్టర్లు చాలా ఏళ్లు ఆయన్ని తిట్టారు. ఆ కాలంలో మేం ఉండి ఉంటే మేమూ తిట్టేవాళ్లం.

ఆపరేషనుకి ముందు పరీక్షలు చేస్తారు. ఇక్కడే మన తెలివి చూపించాలి. ఊరందరికీ చెప్పిన జబ్బులన్నీ డాక్టరు దగ్గర దాచేయాలి. షుగరు పరీక్షకి రెండ్రోజుల ముందు పూతరేకులు మానేసి, రక్తం ఇచ్చాక ఆత్రేయపురం పొట్లం విప్పండి. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష ఒకటి వచ్చి ఈ కిటుకు పాడుచేసింది గానీ, ప్రయత్నలోపం ఉండకూడదు. దగ్గుంటే చెప్పకండి. గుండెకి వేసుకునే రక్తం పలచబరిచే మాత్ర గురించి చెప్పకండి. వేసుకోవాలో ఆపాలో ఆయనకెందుకు, మీరే ఆపేయండి. మగవాళ్లకి ఇంకో ముఖ్యమైన మాత్ర ఉంది. రాత్రిళ్లు నాలుగేసిసార్లు లేవాల్సి వస్తోందని రాయించుకున్నది. దాని పేరు కోడలి ముందు చెప్పడానికి సిగ్గు కదా, చెప్పకండి. టామ్సులోసిన్ అనే ఆ మందు వేసుకునేవాళ్లకి ఆపరేషను మధ్యలో కంటిపాప చుట్టూ ఉన్న కండ సడలిపోయి, పాప ముడుచుకుపోతుందని 2005లో అమెరికా డాక్టర్లు ఇద్దరు పట్టుకున్నారు. ఎప్పుడో మానేసినా ఆ ప్రభావం ఉండవచ్చు. ముందే తెలిస్తే డాక్టరు దానికి తగ్గ ఏర్పాటు చేసుకుంటారు. తెలియకపోతే లోపలికి వెళ్లాక తెలుస్తుంది.

కన్నీటి దారి తెరుచుకుని ఉందో లేదో కూడా చూస్తారు. నర్సమ్మ కంటి మూలలో చిన్న రంధ్రంలోకి మొన లేని సూది పెట్టి ఉప్పునీళ్లు ఎక్కిస్తుంది.

“మామ్మగారూ, గొంతులోకి వచ్చిందా?”

వచ్చినా రాకపోయినా “ఆయ్, వచ్చిందమ్మా” అనేయండి. ఆ దారి మూసుకుపోయి, అక్కడి సంచిలో చీముంటే, అది ఆపరేషను చేసిన కంట్లోకి పాకుతుంది. అందుకని అలాంటివాళ్లకి ముందు దాన్ని బాగుచేసి తర్వాతే శుక్లం తీస్తారు. అంటే మళ్లీ ఇంకో ఆషాఢం దాకా ఆగాలి. ఒక్క అబద్ధంతో పోయేదానికి అంత దూరం దేనికండీ?

ఆపరేషను రోజున సుమో మాట్లాడుకుని పన్నెండుమంది వెళ్లండి. ఆసుపత్రి మెట్ల మీద టిఫిను క్యారేజీలు విప్పితేనే శోభ. లోపల మీకు ఆకుపచ్చ గౌను తొడిగి, తలకి టోపీ పెట్టి, చేయాల్సిన కంటి పైన నుదుటి మీద చీటీ అతికించి బెంచీ మీద కూర్చోబెడతారు. ఆ బెంచీ మీద వరసగా అరడజను మంది, అందరూ ఒకే గౌనులో, ఎవరు కరణంగారో ఎవరు దింపు కార్మికుడో పోల్చుకోలేని స్థితిలో కళ్లు మూసుకుని కూర్చుని ఉంటారు. ముక్కుపుడక రాని మామ్మగారికి దాని మీద ప్లాస్టరు. కాసేపటికోసారి చుక్కలు వేస్తారు, కంటిపాప విప్పారడానికి. ప్రతి ఒక్కళ్లూ వచ్చి మీ పేరు, ఏ కన్ను అని అడుగుతారు. చీటీ నుదుటి మీద కనబడుతుంటే మళ్లీ అడగడమేంటి, పరిహాసమా? అడిగినప్పుడల్లా ఒక్కో కన్ను చెప్పండి. ఒకరి కంటికి బదులు ఇంకొకరి కన్ను, కుడికి బదులు ఎడమ జరక్కుండా ఉండటానికే నలుగురూ వేరువేరుగా అడుగుతారన్న సంగతి మీకు తెలియనట్టే ఉండండి.

బల్ల మీద పడుకోబెట్టాక చుక్కల మందుతోనో, కంటి పక్కన సూదితోనో మత్తిస్తారు. ఎర్రటి అయోడిన్ మందు పోస్తారు. చెంప మీంచి చెవిలోకి కారుతుంది, చల్లగా ఉంటుంది. ఇన్‌ఫెక్షను రాకుండా చూడటంలో ఆ ఎర్రమందుకున్నంత పేరు మరి దేనికీ లేదు కాబట్టి, “మండుతోంది బాబూ, కడిగేయండి” అని కేకెయ్యండి. మొహం మీద గుడ్డ కప్పుతారు, రెప్పలు మూతపడకుండా తీగ క్లిప్పు పెడతారు. పైన దీపం. దాంట్లోంచి నీలం, గులాబీ, పసుపు రంగులు ఈదుతుంటాయి, ఇది నిజంగానే చాలామందికి కనబడుతుంది. యంత్రం సన్నగా కూసి, ఉన్నట్టుండి గొంతు మారుస్తుంది. నొప్పి ఉండదు. “దీపం వంకే చూడండి, కదలకండి, ఏదైనా కావాలంటే ముందు నోటితో చెప్పండి” అంటారు. మీరు తలాడించి ‘సరే’ అనండి. మర్యాద తెలిసిన గోదావరి మనిషి తలాడించకుండా ఎలా ఉంటాడు? ముక్కు దురదేస్తే గుడ్డ కింద నుంచి చెయ్యి పైకి తేవచ్చు. దగ్గు వస్తే చెప్పకుండా దగ్గేయండి. ఆ నిమిషంలో డాక్టరు గారి పనిముట్టు మీ కంట్లో, ఒక సన్నని పొర పక్కన ఉంటుంది. ఆ పొర చిరిగితే లెన్సు నిలబెట్టడం కష్టం. మీకు కుశలప్రశ్నలడిగే అలవాటుంటే అదే మంచి సమయం: “బాబూ, మీదేవూరు? రాజోలా, మలికిపురమా?”

ఇంటికొచ్చాక అసలు వైద్యం మొదలు. చూడ్డానికి వచ్చేవాళ్లు యాపిల్ పళ్లతోపాటు పథ్యం కూడా తెస్తారు. పప్పు తింటే చీము పడుతుంది, వంకాయ దురద, గోంగూర వేడి, చేప పనికిరాదు. గోదారి ఒడ్డున ఉండి పులస రోజుల్లో కారప్పొడి, చారు మెతుకులతో నెల గడిపితే అందరూ “పాపం, ఎంత నిష్ఠగా ఉన్నారో” అంటారు. అన్నీ తినండి, పప్పుకి చీముకి సంబంధం లేదు, పుండు మానడానికి మాంసకృత్తులు కావాలి అని ఆసుపత్రిలో ఎంత మొత్తుకున్నా, కోనసీమలో ఈ మాట నెగ్గదు. నోటికి ఇంత కట్టుదిట్టం చేశారు కాబట్టి కంటికి సడలింపు ఇవ్వండి. మూడోనాడే తలంటుకోండి. కట్టెల పొయ్యి ఊదండి. బస్తా ఎత్తండి. కాలవలో మునక వేయండి. నీరు కారితే తువ్వాలు చెంగుతో గట్టిగా తుడవండి. నిద్రలో చెయ్యి తగలకుండా ఇచ్చిన గట్టి కవచాన్ని మనవడికి ఆడుకోవడానికి ఇచ్చేయండి.

చుక్కల మందు నాలుగు నుంచి ఆరు వారాలు, మెల్లగా తగ్గించుకుంటూ వేయమంటారు. కన్ను తేటగా కనబడ్డ నాలుగోరోజే ఆపేయండి, ఇంకా మందెందుకు? లేదా ఎదురింటి తాతగారి సీసా పంచుకోండి. మొన కనురెప్పకి తగిలించి వేస్తే ఒక్క చుక్క కూడా వృథా కాదు. మిగిలిన సీసా పారేయకుండా దాచి, వచ్చే ఏడాది కళ్లు ఎర్రబడ్డప్పుడు ఇంట్లో అందరూ వేసుకోండి. అందులో ఉండే స్టెరాయిడ్ నెలల తరబడి అడ్డూఆపూ లేకుండా వాడితే కంటి ఒత్తిడి పెరిగి, తెలియకుండానే చూపు నరం దెబ్బతింటుంది. అది శుక్లం కాదు, తీసి బాగుచేయడానికి. పోయిన చూపు పోయినట్టే.

కట్టు విప్పాక కొన్నాళ్లు ఒక తమాషా ఉంటుంది. ఆకాశం మరీ నీలంగా కనబడుతుంది. ముదిరిన కటకం పసుపెక్కి ఇన్నేళ్లూ నీలాన్ని అడ్డుకుంది, అది తొలగింది, అంతే. క్లోద్ మోనె అనే ఫ్రెంచి చిత్రకారుడు 1923లో ఈ ఆపరేషను చేయించుకుని రంగులన్నీ తేడాగా కనబడుతున్నాయని డాక్టరు మీద మండిపడ్డాడు. మీరూ మండిపడండి. గోడల మీద బూజు, కోడలు కడిగిన గిన్నెల మీద మచ్చలు, అద్దంలో మీ మొహం మీద ముడతలు, అన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. తప్పు లెన్సుదే అనండి.

ఆపరేషనైన వారంలో, ఎప్పుడో నూటికో కోటికో ఒకరికి, తేటపడ్డ చూపు మళ్లీ మసకేసి, కన్ను ఎర్రబడి, నొప్పి మొదలవుతుంది. ఇక్కడ మా సలహా మరీ ముఖ్యం. మిరపకాయలు, ఉప్పు దిగదుడిచి దిష్టి తీయండి. ఆదివారమైతే సోమవారం దాకా, అమావాస్యైతే పాడ్యమి దాకా ఆగండి. మెడికల్ షాపు కుర్రాణ్ని అడిగి ఒక నొప్పి మాత్ర వేసుకోండి. అది కంటి లోపలికి పాకిన ఇన్‌ఫెక్షను కావచ్చు, గంటలు లెక్క, ఆ రాత్రే వస్తే కంట్లోకే మందు ఎక్కించి చూపు నిలబెట్టే ప్రయత్నం చేస్తాం, తెల్లారితే ఆలస్యం అవుతుంది అంటారు ఆసుపత్రివాళ్లు. డిశ్చార్జి కాగితం మీద ఆ మాటే పెద్ద అక్షరాలతో అచ్చు వేసి, కింద ఫోను నంబరు కూడా ఇస్తారు. ఆ కాగితంలో పకోడీలు పొట్లం కట్టి తాతగారి చేతిలో పెట్టేయండి.

ఏడాదికో రెండేళ్లకో చూపు కాస్త మసకబారితే “మళ్లీ శుక్లం పుట్టింది, ఆపరేషను ఫెయిలు” అని కొత్తపేట సంతలోనూ, అంబాజీపేట కొబ్బరి మార్కెట్లోనూ చెప్పి రండి. లెన్సు వెనకున్న పొర మీద చేరిన మసక అది, యాగ్ లేజరుతో కుర్చీలో కూర్చోబెట్టి కొద్ది నిమిషాల్లో తీసేస్తారు, కత్తి తగలదు. మీరు వెళ్లి తీయించుకుంటే ఆ కబురు అక్కడితో ఆగిపోతుంది.

ఇంకా సందేహాలుంటే మాకు ఉత్తరం రాయండి. కాస్త పెద్ద అక్షరాలతో, నల్ల సిరాతో రాయండి. చిన్నవైతే మాకు కనబడవు.